మూడు జెండాల కింద ఒక యుద్ధనౌక: 'అకిలీస్' నుంచి 'ఢిల్లీ' వరకు

1. పరిచయం

కుట్టుపని నేర్చుకున్న వ్యక్తి సొంతంగా దుకాణం పెట్టాలనుకుంటే మొదట ఏం చేస్తాడు? చేతిలో డబ్బు తక్కువగా ఉంటే ఎవరో వాడిన పాత మిషను కొంటాడు. దానితో పని మొదలుపెడతాడు. పని పెరిగేకొద్దీ మిషనును విప్పడం, బాగుచేయడం, తిరిగి బిగించడం కూడా నేర్చుకుంటాడు. కొన్నేళ్లకు కొత్త మిషను కొనుక్కుంటాడు. పాతదానివల్ల వచ్చిన నైపుణ్యం మాత్రం అతని చేతుల్లోనే ఉంటుంది.

దేశాల విషయంలోనూ ఇలా జరుగుతుంది. 1947లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు భారతదేశానికి పెద్ద యుద్ధనౌక ఒక్కటీ లేదు. మరుసటి సంవత్సరం మనదేశం బ్రిటన్ నుంచి ఒక పాత యుద్ధనౌకను కొన్నది. అది అప్పటికి పదిహేనేళ్లుగా పనిచేసిన ఓడ. రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బలు తిన్న ఓడ. మొదట బ్రిటన్ జెండా కింద, తరువాత న్యూజిలాండ్ పేరుతో, చివరకు భారతదేశ పతాకం కింద 1978 వరకు అది సేవ చేసింది. ఆ ఓడ చరిత్రనూ, మన నౌకాదళం దాని ద్వారా ఏమి నేర్చుకున్నదనే విషయాన్నీ ఈ పాఠంలో తెలుసుకుందాం.

2. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- తేలికపాటి క్రూయిజర్ అంటే ఏమిటో చెప్పగలుగుతారు.
- 1939 నాటి రివర్ ప్లేట్ యుద్ధంలో 'అకిలీస్' పాత్రను వివరించగలుగుతారు.
- స్వాతంత్ర్యానంతరం భారతదేశం పాత ఓడను ఎందుకు కొన్నదో కారణాలు చూపగలుగుతారు.
- 1948 నుంచి 1978 వరకు 'ఢిల్లీ' చేసిన సేవలను వరుసక్రమంలో రాయగలుగుతారు.

3. తేలికపాటి క్రూయిజర్ అంటే ఏమిటి?

యుద్ధనౌకలన్నీ ఒకే రకం కావు. మొదటి, రెండో ప్రపంచ యుద్ధాల కాలంలో అన్నిటికంటే పెద్దవి బాటిల్‌షిప్‌లు. వీటికి మందమైన ఉక్కు కవచం, చాలా పెద్ద ఫిరంగులు ఉండేవి. అన్నిటికంటే చురుకైనవి డెస్ట్రాయర్లు. ఇవి చిన్నవి, వేగంగా పోయేవి. ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉండేది క్రూయిజర్. ఒంటరిగా చాలా దూరం ప్రయాణించడం, సముద్రమార్గాలను కాపలా కాయడం, వర్తక నౌకలకు రక్షణ ఇవ్వడం దీని పనులు.

1930లో లండన్‌లో జరిగిన నౌకాదళ ఒప్పందం క్రూయిజర్లను రెండు తరగతులుగా విభజించింది. ఫిరంగి గొట్టం లోపలి వ్యాసం 6.1 అంగుళాలు లేక అంతకంటే తక్కువ ఉంటే అది తేలికపాటి క్రూయిజర్. అంతకు మించి 8 అంగుళాల వరకు ఉంటే అది భారీ క్రూయిజర్. అంటే 'తేలికపాటి' అన్న మాట ఇక్కడ ఓడ బరువును కాక ఫిరంగి పరిమాణాన్ని సూచిస్తుంది.

మన పాఠంలోని ఓడ 'లియాండర్' తరగతికి చెందిన తేలికపాటి క్రూయిజర్. దీనిని ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్‌లో కామెల్ లెయర్డ్ సంస్థ నిర్మించింది. 1932లో జలప్రవేశం చేసి, 1933లో బ్రిటిష్ నౌకాదళంలో చేరింది. గ్రీకు పురాణవీరుడి పేరు మీద దీనికి 'అకిలీస్' అని పేరుపెట్టారు. దీని బరువు 7,000 టన్నులకు పైగా, పొడవు 554 అడుగులు. గరిష్ఠ వేగం సుమారు 32 నాట్లు. నాట్ అంటే సముద్రంలో వేగాన్ని కొలిచే ప్రమాణం. ఒక నాట్ గంటకు 1.85 కిలోమీటర్లకు సమానం. కాబట్టి ఈ ఓడ గంటకు దాదాపు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లగలిగేది.

దీనికి 6 అంగుళాల ఫిరంగులు ఎనిమిది ఉండేవి. వీటిని రెండేసి చొప్పున నాలుగు టరెట్లలో అమర్చారు. టరెట్ అంటే అటూ ఇటూ తిరిగే ఉక్కు గది. ముందువైపు రెండు, వెనుకవైపు రెండు ఉండేవి. ముందువాటిని ఎ, బి అనీ, వెనుకవాటిని ఎక్స్, వై అనీ పిలిచేవారు. ఈ పేర్లు గుర్తుంచుకోండి. కథలో ఎక్స్, వై టరెట్లు మళ్లీ వస్తాయి.

పాఠ్యాంశ ప్రశ్నలు – 1
1. తేలికపాటి క్రూయిజర్‌ను భారీ క్రూయిజర్ నుంచి దేని ఆధారంగా వేరు చేస్తారు?
2. 20 నాట్ల వేగం గంటకు ఎన్ని కిలోమీటర్లు?

4. రివర్ ప్లేట్ యుద్ధం, 1939

'అకిలీస్'ను బ్రిటన్ 1930ల మధ్యకాలంలో న్యూజిలాండ్‌కు అప్పుగా ఇచ్చింది. అప్పటికి న్యూజిలాండ్‌కు విడిగా నౌకాదళం లేదు. బ్రిటిష్ నౌకాదళంలోనే న్యూజిలాండ్ విభాగం ఒకటి ఉండేది. అందువల్ల ఓడలోని నావికుల్లో సగానికి పైగా న్యూజిలాండ్‌వారు, మిగిలినవారు బ్రిటిష్‌వారు. కెప్టెన్ పేరు డబ్ల్యూ. ఇ. ప్యారీ. ఈ పేరును కూడా గుర్తుంచుకోండి.

1939 సెప్టెంబరులో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. జర్మనీకి చెందిన 'అడ్మిరల్ గ్రాఫ్ ష్పే' అనే శక్తిమంతమైన యుద్ధనౌక దక్షిణ అట్లాంటిక్, హిందూ మహాసముద్రాల్లో తిరుగుతూ డిసెంబరు మొదటి వారానికి తొమ్మిది బ్రిటిష్ వర్తక నౌకలను ముంచింది. దాని కెప్టెన్ హాన్స్ లాంగ్స్‌డార్ఫ్. ఆయన ముంచిన వర్తక నౌకల సిబ్బందిలో ఒక్కరు కూడా చనిపోలేదన్న విషయం ఇక్కడ చెప్పుకోవాలి. ముందుగా వారిని ఓడల నుంచి దింపి, తరువాతే ఓడలను ముంచేవాడు.

దక్షిణ అమెరికాలో ఉరుగ్వే, అర్జెంటీనా దేశాల మధ్య విశాలమైన నదీముఖం ఒకటి ఉంది. దానిని ఆంగ్లేయులు రివర్ ప్లేట్ అంటారు. అక్కడి నుంచి ఆహారధాన్యాలు, మాంసం యూరప్‌కు ఎగుమతి అయ్యేవి. జర్మన్ నౌక అక్కడికి రావచ్చునని బ్రిటిష్ కమొడోర్ హెన్రీ హార్‌వుడ్ ఊహించాడు. ఎక్సెటర్, అజాక్స్, అకిలీస్ అనే మూడు క్రూయిజర్లతో అక్కడ కాపు వేశాడు. 1939 డిసెంబరు 13 తెల్లవారుజామున ఆయన ఊహ నిజమైంది.

బలాబలాలను పోల్చి చూడండి. గ్రాఫ్ ష్పే ఫిరంగులు 11 అంగుళాలవి. అవి పేల్చే గుండు బరువు 300 కిలోలు. అకిలీస్ పేల్చే గుండు బరువు సుమారు 51 కిలోలు. అంటే శత్రువు వేసే ఒక్క గుండు బరువు అకిలీస్ గుండుకు దాదాపు ఆరు రెట్లు. ఎదురెదురుగా ఒంటరిగా నిలిచి ఉంటే అకిలీస్ తట్టుకోవడం కష్టం. అందుకే హార్‌వుడ్ తన ఓడలను రెండు దిక్కులకు విడదీశాడు. ఎక్సెటర్ ఒక పక్క నుంచి, అజాక్స్, అకిలీస్ మరొక పక్క నుంచి దాడి చేశాయి. దానితో జర్మన్ ఫిరంగులు ఎటువైపు గురిపెట్టాలో తేల్చుకోవలసి వచ్చింది.

ఎక్సెటర్ తీవ్రంగా దెబ్బతిని యుద్ధం నుంచి తప్పుకుంది. అకిలీస్ పక్కనే సముద్రంలో పడిన ఒక గుండు పగిలి, ఉక్కుముక్కలు ఓడపైకి దూసుకువచ్చాయి. ఫిరంగుల గురిని నియంత్రించే గదిలోకి అవి చొచ్చుకుపోయాయి. నలుగురు చనిపోయారు. కెప్టెన్ ప్యారీ కాళ్లకు గాయాలయ్యాయి. అయినా ఆయన పని విడిచి వెళ్లలేదు. అకిలీస్, అజాక్స్ రోజంతా శత్రువును వెంటాడాయి. ఆ రాత్రి గ్రాఫ్ ష్పే ఉరుగ్వే రాజధాని మాంటెవిడియో రేవులోకి వెళ్లింది.

ఉరుగ్వే తటస్థ దేశం. యుద్ధం చేస్తున్న దేశాల ఓడలు తటస్థ రేవులో ఎక్కువ కాలం ఉండకూడదు. మరమ్మతుల కోసం ఉరుగ్వే ప్రభుత్వం 72 గంటల గడువు ఇచ్చింది. బయట పెద్ద బ్రిటిష్ దళం కాచుకొని ఉందన్న వదంతులు వ్యాపించాయి. నిజానికి కొత్తగా వచ్చి చేరింది 'కంబర్లాండ్' అనే ఒక్క క్రూయిజరే. డిసెంబరు 17న లాంగ్స్‌డార్ఫ్ తన ఓడను రేవు బయటకు తీసుకువెళ్లి, తానే పేల్చివేయించాడు. కొద్ది రోజుల్లోనే ఆత్మహత్య చేసుకున్నాడు.

ఈ యుద్ధంలో బ్రిటిష్ పక్షాన 72 మంది, జర్మన్ పక్షాన 36 మంది చనిపోయారు. 1940 ఫిబ్రవరిలో అకిలీస్ న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌కు చేరినప్పుడు ప్రజలు గుంపులు గుంపులుగా వచ్చి స్వాగతం పలికారు.

5. పసిఫిక్ సముద్రంలో

1941 అక్టోబరులో న్యూజిలాండ్ విభాగం ప్రత్యేక నౌకాదళంగా మారింది. అకిలీస్ న్యూజిలాండ్ నౌకగా పేరు మార్చుకుంది. అదే సంవత్సరం డిసెంబరులో జపాన్ యుద్ధంలోకి దిగింది.

1943 జనవరి 5న సాలమన్ దీవుల వద్ద జపాన్ విమానం వేసిన బాంబు అకిలీస్ ఎక్స్ టరెట్‌పై పడింది. 13 మంది చనిపోయారు. మరమ్మతుల కోసం ఓడను ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్‌కు పంపారు. అక్కడ 1943 జూన్‌లో ఓడలో పేలుడు సంభవించి 14 మంది కార్మికులు మరణించారు. యుద్ధం యుద్ధరంగంలో ఉన్నవారినే కాదు, దూరంగా పనిముట్లు పట్టుకున్నవారిని కూడా బలి తీసుకుంటుందనడానికి ఇది ఒక ఉదాహరణ.

ఈ మరమ్మతుల్లో ఎక్స్ టరెట్‌ను పూర్తిగా తీసివేశారు. దాని స్థానంలో విమానాలను కూల్చే చిన్న తుపాకులు అమర్చారు. ఈ మార్పుకు కారణం ఉంది. సముద్రయుద్ధంలో ఓడకు పెద్ద శత్రువు మరో ఓడ కాదు, విమానం అని అప్పటికి తేలిపోయింది. 1945లో అకిలీస్ బ్రిటిష్ పసిఫిక్ నౌకాదళంలో పనిచేసింది. యుద్ధం ముగిశాక, 1946లో న్యూజిలాండ్ దానిని తిరిగి బ్రిటన్‌కు అప్పగించింది.

పాఠ్యాంశ ప్రశ్నలు – 2
1. హార్‌వుడ్ తన ఓడలను రెండు దిక్కులకు ఎందుకు విడదీశాడు?
2. ఎక్స్ టరెట్ స్థానంలో ఏమి అమర్చారు? ఎందుకు?

6. భారతదేశం ఈ ఓడను ఎందుకు కొన్నది?

ఇప్పుడు మనదేశానికి వద్దాం. బ్రిటిష్ పాలనలో రాయల్ ఇండియన్ నేవీ ఉండేది. దానిలో పై అధికారులు ఎక్కువగా బ్రిటిష్‌వారే. నాసిరకం భోజనం, జాతి వివక్ష భరించలేక 1946 ఫిబ్రవరిలో బొంబాయిలోని 'తల్వార్' నౌకాకేంద్రంలో భారతీయ నావికులు సమ్మెకు దిగారు. అది త్వరలోనే అనేక ఓడలకు, రేవులకు పాకింది. ఓడను నడిపేది తామే అయినా అధికారం తమది కాదన్న ఆవేదన దాని వెనుక ఉంది.

1947లో దేశంతోపాటు నౌకాదళం కూడా చీలింది. ఉన్న వాటిలో పెద్దవైన స్లూప్ తరహా ఓడలు నాలుగు భారతదేశానికి, రెండు పాకిస్తాన్‌కు వెళ్లాయి. పాకిస్తాన్‌కు వెళ్లినవి 'నర్బదా', 'గోదావరి'. తెలుగునేలపై పారే నది పేరు పెట్టుకున్న ఓడ 'సింధ్' అనే కొత్త పేరుతో పాకిస్తాన్ నౌకాదళంలో కొనసాగింది. మనకు మిగిలిన స్లూప్‌లు ఒక్కొక్కటి సుమారు 1,300 నుంచి 1,500 టన్నులవి. అంత పొడవైన తీరరేఖ గల దేశానికి ఇవి చాలవు.

కొత్త ఓడలు స్వయంగా నిర్మించుకోవడానికి అప్పుడు మనకు తగిన యంత్రాంగం లేదు. యుద్ధం ముగియడంతో బ్రిటన్‌కు అవసరానికి మించి ఓడలు మిగిలాయి. ఈ పరిస్థితుల్లో భారతదేశం అకిలీస్‌ను కొన్నది. 1948 జూలై 5న 'ఢిల్లీ' అనే పేరుతో అది మన నౌకాదళంలో చేరింది. సెప్టెంబరులో బొంబాయి చేరుకుంది. మన దళానికి అదే పతాక నౌక అయింది. పతాక నౌక అంటే దళాధిపతి జెండా ఎగిరే ప్రధాన నౌక.

ఒక విచిత్రం గమనించండి. 1948 ఆగస్టులో భారత నౌకాదళానికి అధిపతిగా వచ్చినవాడు వైస్ అడ్మిరల్ ప్యారీ. రివర్ ప్లేట్ యుద్ధంలో అకిలీస్ మీద గాయపడిన కెప్టెన్ ఈయనే. తొమ్మిదేళ్ల తరువాత తన పాత ఓడ కొత్త పేరుతో, కొత్త దేశంలో తన ఆధ్వర్యంలోకే వచ్చింది.

పేదదేశం పాత యుద్ధనౌక మీద డబ్బు పెట్టడం సరైనదేనా? ఇది ఆలోచించవలసిన ప్రశ్న. విమానాల యుగంలో ఫిరంగుల క్రూయిజర్‌కు ప్రాముఖ్యం తగ్గిపోతున్నదన్నది నిజమే. ఎక్స్ టరెట్ కథే అందుకు సాక్ష్యం. కాని మనకు అప్పుడు కావలసింది ఫిరంగులకంటే ఎక్కువగా అనుభవం. అది ఎలా లభించిందో చూద్దాం.

7. ఓడే పాఠశాల

పెద్ద ఓడ నడవాలంటే అనేక పనులు ఏకకాలంలో జరగాలి. బాయిలర్లలో చమురు మండి నీరు ఆవిరిగా మారుతుంది. ఆ ఆవిరి ఒత్తిడికి టర్బైన్లు తిరుగుతాయి. టర్బైన్లు ఇరుసులను, ఇరుసులు నీటిలోని ప్రొపెల్లర్లను తిప్పుతాయి. వీటిలో ఏ ఒక్కచోట పొరపాటు జరిగినా ఓడ ఆగిపోతుంది.

ఫిరంగి పేల్చడం కూడా ఒక్కరి పని కాదు. ఓడ అడుగున ఉన్న గదుల నుంచి గుండ్లను, మందును పైకి అందించేవారు కొందరు. టరెట్‌లో వాటిని నింపేవారు కొందరు. ఎత్తైన గదిలో కూర్చొని శత్రువు దూరం, దిశ, వేగం కొలిచేవారు మరికొందరు. తన ఓడ కదులుతూ ఉంటుంది, ఎదుటి ఓడ కూడా కదులుతూ ఉంటుంది. గుండు గాలిలో ఉన్న సమయంలో శత్రువు ఎంత ముందుకు పోతాడో లెక్కకట్టి గురిపెట్టాలి. వీరితోపాటు రాడార్, వైర్‌లెస్ సిబ్బంది, వైద్యులు, వంటవారు, సరుకుల లెక్కలు చూసేవారు ఉండాలి.

వందలమంది ఇలా ఒక్కటిగా పనిచేయడం పుస్తకాలు చదివితే రాదు. చిన్న ఓడల మీద కూడా పూర్తిగా రాదు. 'ఢిల్లీ' మీద మనవారు ఈ విద్య నేర్చుకున్నారు. మొదటి కెప్టెన్ బ్రిటిష్ అధికారే అయినా, ఆయన తరువాతి స్థానంలో ఉన్నవాడు కమాండర్ రామ్ దాస్ కటారి. హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాల్లో చదువుకున్న కటారి 1958 ఏప్రిల్ 22న భారత నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి అయ్యాడు. అంతకుముందు వరకు ఆ పదవిలో ఉన్నవారందరూ బ్రిటిష్‌వారే. 'ఢిల్లీ' తొలి సిబ్బందిలోనే ఉన్న ఎస్. ఎం. నందా 1971 యుద్ధకాలంలో నౌకాదళాధిపతి.

1946లో నావికులు అడిగిన ప్రశ్నకు ఇది ఒక సమాధానం. ఓడ పాతదే, కాని దాని మీద ఆజ్ఞ ఇచ్చే గొంతు క్రమంగా మనది అయింది.

8. 'ఢిల్లీ' సేవలు, 1950–1978

1950 జనవరి 26న మనదేశం గణతంత్రం అయింది. ఓడ పేరుకు ముందు ఉన్న బ్రిటిష్ రాజు ప్రస్తావన తొలగి, 'ఐ.ఎన్.ఎస్.' అంటే ఇండియన్ నేవల్ షిప్ అన్న మాట చేరింది. అదే సంవత్సరం జూన్‌లో ప్రధానమంత్రి జవాహర్‌లాల్ నెహ్రూ ఈ ఓడలో ఇండోనేషియా వెళ్లారు. ఇండోనేషియా కూడా అప్పుడే వలసపాలన నుంచి బయటపడిన దేశం. ఒకనాడు సామ్రాజ్యానికి కాపలా కాసిన ఓడ రెండు స్వతంత్ర దేశాల స్నేహానికి వాహనమైంది.

1956లో రివర్ ప్లేట్ యుద్ధంపై ఇంగ్లండులో చలనచిత్రం వచ్చింది. అందులో అకిలీస్ పాత్రను మన 'ఢిల్లీ'యే ధరించింది. అంటే ఆ ఓడ తన కథలో తానే నటించింది.

మరో బ్రిటిష్ క్రూయిజర్ 'నైజీరియా' 1957లో 'మైసూర్' అనే పేరుతో మన నౌకాదళంలో చేరింది.

1961 డిసెంబరులో పోర్చుగీసు పాలన నుంచి గోవా, డామన్, డయ్యూలను విముక్తం చేయడానికి సైనికచర్య జరిగింది. 18వ తేదీన డయ్యూ ద్వీపం వద్ద 'ఢిల్లీ' ఫిరంగులు మన సైన్యానికి తోడుగా పేలాయి. అప్పటి కెప్టెన్ ఎన్. కృష్ణన్. పదేళ్ల తరువాత, 1971 యుద్ధంలో విశాఖపట్నం కేంద్రంగా తూర్పు నౌకాదళాన్ని నడిపిన వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఈయనే.

1969లో 'ఢిల్లీ' న్యూజిలాండ్‌ను సందర్శించింది. అక్కడివారికి అది పరాయి ఓడ కాదు, పాత అకిలీస్. అప్పటికే వయసు మీరిన ఓడ కావడంతో చివరి సంవత్సరాల్లో దానిని యువ నావికుల శిక్షణకు ఉపయోగించారు. 1978 జూన్ 30న బొంబాయిలో దానిని సేవ నుంచి తొలగించారు. తరువాత ముక్కలు చేసి ఇనుముగా అమ్మేశారు. వెనుకవైపున ఉన్న వై టరెట్‌ను మాత్రం మనదేశం న్యూజిలాండ్‌కు కానుకగా ఇచ్చింది. అది ఆక్లండ్‌లోని డెవన్‌పోర్ట్ నౌకాస్థావరం వద్ద ప్రదర్శనకు నిలిచింది.

పాఠ్యాంశ ప్రశ్నలు – 3
1. భారత నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి ఎవరు? ఏ సంవత్సరంలో?
2. 1961లో 'ఢిల్లీ' ఎక్కడ పాల్గొన్నది?

9. పాత మిషను, కొత్త మిషను

'ఢిల్లీ' ఇంకా సేవలో ఉండగానే, 1972లో బొంబాయి మజగాన్ డాక్‌లో నిర్మించిన 'నీలగిరి' నౌకాదళంలో చేరింది. దాని నమూనా బ్రిటన్‌ది, నిర్మాణం మనది. 1997 నవంబరు 15న 'ఢిల్లీ' అనే పేరు మళ్లీ సముద్రం మీదికి వచ్చింది. ఈ కొత్త 'ఢిల్లీ' 163 మీటర్ల పొడవుగల డెస్ట్రాయర్. పాత 'ఢిల్లీ' పొడవు దాదాపు 169 మీటర్లు. పొడవులో తేడా కొద్దిదే. కాని కొత్తదానికి ప్రధాన ఆయుధాలు ఫిరంగులు కావు, క్షిపణులు. అంతకంటే పెద్ద తేడా మరొకటి ఉంది. మొదటిది కొని తెచ్చుకున్నది. రెండోది మనదేశంలో రూపకల్పన చేసి నిర్మించుకున్నది.

ఈ రెండు ఓడల మధ్య దాదాపు యాభై ఏళ్లు గడిచాయి. పాఠం మొదట చెప్పుకున్న కుట్టుపనివాడిని ఒకసారి గుర్తు చేసుకోండి. పాత మిషను మీద పని మొదలుపెట్టడం చిన్నతనం కాదు. దాని మీద నేర్చుకోకుండా ఉండిపోతేనే నష్టం.

10. మీరు నేర్చుకున్న విషయాలు

- 'అకిలీస్' 1933లో సేవలో చేరిన బ్రిటిష్ తేలికపాటి క్రూయిజర్.
- 1939లో రివర్ ప్లేట్ వద్ద తనకంటే బలమైన జర్మన్ నౌకను ఎదుర్కొన్నది.
- 1943లో బాంబు దెబ్బ తిని ఒక టరెట్‌ను కోల్పోయింది.
- 1948లో 'ఢిల్లీ'గా భారత నౌకాదళంలో చేరి, 30 ఏళ్లు పనిచేసింది.
- దాని మీద పనిచేసిన భారతీయులు తరువాత నౌకాదళానికి నాయకత్వం వహించారు.

11. పాఠాంత ప్రశ్నలు

1. 1947లో భారత నౌకాదళం పరిస్థితిని వివరించండి.
2. 'ఓడే పాఠశాల' అన్న మాటను మీ సొంత మాటల్లో సమర్థించండి.
3. 1948లో పాత క్రూయిజర్‌ను కొనడం సరైన నిర్ణయమేనా? అనుకూలంగా రెండు, ప్రతికూలంగా రెండు కారణాలు రాయండి.
4. మీరు చేసే పనిలో వాడిన పాత యంత్రం లేదా పనిముట్టు ద్వారా ఏమి నేర్చుకున్నారో పది వాక్యాల్లో రాయండి.

పాఠ్యాంశ ప్రశ్నలకు జవాబులు

1. (1) ఫిరంగి గొట్టం వ్యాసం ఆధారంగా. (2) సుమారు 37 కిలోమీటర్లు.
2. (1) శత్రువు తన ఫిరంగుల బలాన్ని ఒకే ఓడపై కేంద్రీకరించలేకుండా చేయడానికి. (2) విమానాలను కూల్చే చిన్న తుపాకులు. విమానదాడుల ప్రమాదం పెరిగినందువల్ల.
3. (1) రామ్ దాస్ కటారి, 1958లో. (2) డయ్యూ వద్ద.